డాక్టర్ గారు యాంగ్జైటీకి టాబ్లెట్లు రాశారా? మొదటి రోజు నుంచి మానేసే రోజు దాకా ఎలా వాడుకోవాలి

చీటీ రాయించుకుని మెడికల్ షాపు నుంచి రెండు స్ట్రిప్పులు తెచ్చుకున్నారు. ఇప్పుడు వాటిని ముందు పెట్టుకుని కూర్చున్నారు, వేసుకోవాలంటే భయం, వేసుకోకపోతే రాత్రికి మళ్ళీ ఆ దడ మొదలవుద్దేమోనని ఇంకో భయం. నేనూ అలాగే కూర్చున్నా. మూడు రోజులు ఆ కవర్ మా ఫ్రిజ్ మీదే ఉంది, రోజూ రాత్రి తీసేదాన్ని, స్ట్రిప్పు వెనకాల సన్నక్షరాలు చదివేదాన్ని, మళ్ళీ అక్కడే పెట్టేసేదాన్ని. నాలుగో రోజు రాత్రి ఒంటిగంటకి గుండె దడదడలాడిపోయి, అరచేతులు తడిసిపోయి, ఊపిరి ఆడక, ఇక పోతున్నా అనిపించి మా ఆయన్ని లేపాక అప్పుడు వేసుకున్నా.

నేను డాక్టర్ని కాదండి. ఈ మందులు ఏడాదిన్నర వాడి, చెప్పినట్టే తగ్గించుకుంటూ వచ్చి మానేసినదాన్ని. అదే టైంలో మా పిన్ని ఇదే రకం బిళ్ళ ఆరేళ్ళు ఎవర్నీ అడక్కుండా మింగి ఎంత అవస్థ పడిందో దగ్గరుండి చూసినదాన్ని. ఇక్కడ నేను చెప్పేదానికీ మీ డాక్టర్ చెప్పినదానికీ తేడా వస్తే డాక్టర్ మాటే వినండి, వాళ్ళు మిమ్మల్ని చూశారు, నేను చూడలేదు. కానీ ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, ఈ మందు ఎలా మొదలుపెట్టాలో అడిగిన రోజే ఎలా ఆపాలో కూడా అడగాలి. మా పిన్ని అడగలేదు, నేను అడిగాను, మా ఇద్దరికీ ఉన్న తేడా అంతే.

మొదటి పని, ఆ చీటీ మీదేనా చూసుకోండి

నవ్వొద్దు, నిజంగానే అడుగుతున్నా. పక్కింటావిడకి నిద్ర పట్టకపోతే రాసిన బిళ్ళ, మీ బావగారికి గుండె దడకి ఇచ్చిన బిళ్ళ, ఆఫీసులో ఫ్రెండ్ పర్సులోంచి తీసి "ఇది వేస్కో, హాయిగా ఉంటది" అని ఇచ్చిన బిళ్ళ, ఇవేవీ మీవి కాదు. మీ పేరు మీద, మిమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడిన డాక్టర్ రాసిందైతేనే వేసుకోండి. సైకియాట్రీలో ఎండీ చేసిన డాక్టర్ అయితే మంచిది. ప్రైవేటుకి వెళ్ళే స్తోమత లేకపోతే హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి, మెడికల్ కాలేజీ ఉన్న పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. అసలు ఎక్కడికెళ్ళాలో కూడా తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అని 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ నంబరు, డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

దడ, వణుకు, చెమటలు అన్నీ మనసువల్లే రావు. థైరాయిడ్ ఎక్కువైనా ఇవే లక్షణాలు, రక్తం తక్కువైనా ఆయాసం దడ వస్తాయి. నాకు మందు రాసేముందు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష, హిమోగ్లోబిన్, ఒక ఈసీజీ తీయించారు, అప్పుడు ఖర్చు దండగ అనుకున్నా గానీ కాదు. మీకు చేయించకపోతే "ఇవి చూడక్కర్లేదా అండి" అని అడగండి, అడిగితే ఎవరూ కోప్పడరు.

రెండో పని, ఇంట్లో మీరు మింగే ప్రతిదీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి

నోటితో చెప్తే మర్చిపోతాం. బీపీ బిళ్ళ, షుగర్ బిళ్ళ, గ్యాస్ బిళ్ళ, మోకాళ్ళ నొప్పులకి వాడేది, దగ్గు సిరప్, జలుబు బిళ్ళ, ఆయుర్వేదం పొడి, నిద్రకి ఎవరో ఇచ్చిన లేహ్యం, అన్నీ కవర్లో వేసి డాక్టర్ గారి టేబుల్ మీద పొయ్యండి. ఎందుకంటే కొన్నిటికీ వీటికీ అస్సలు పడదు. ట్రమడాల్ అనే నొప్పి మందు ఉంది చూడండి, ఎసిటాలోప్రామ్ లాంటి యాంగ్జైటీ మందులతో కలిస్తే ప్రమాదం, ఫిట్స్ కూడా రావచ్చు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు దాంతో కలిపి రోజూ వాడితే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది. గ్యాస్‌కి వేసుకునే ఒమెప్రజోల్ వల్ల ఎసిటాలోప్రామ్ ఒంట్లో ఎక్కువ నిలుస్తుంది. ఇంకోటి, మన దగ్గర తామర లేని ఇల్లు లేదు, దానికి నెలల తరబడి ఇట్రాకొనజోల్ మింగుతుంటారు, చర్మం డాక్టర్ వేరు ఈ డాక్టర్ వేరు కాబట్టి ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళకి తెలీదు, అది ఆల్ప్రాజోలం అనే గాబరా బిళ్ళతో కలిపి వాడకూడదు, మత్తు ఎన్నో రెట్లు పెరిగిపోతుంది.

మందులే కాదు, ఒంటి సంగతులు కూడా చెప్పాలి. ఆస్తమా ఉంటే కచ్చితంగా చెప్పండి, దడ తగ్గడానికి రాసే ప్రొప్రనలాల్ ఆస్తమా వాళ్ళకి పడదు, ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుపోతాయి. రాత్రుళ్ళు గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందని ఇంట్లోవాళ్ళు అంటుంటే అది చెప్పండి. గర్భమో, గర్భం కోసం చూస్తుంటేనో, పాలిస్తుంటేనో చెప్పండి. ఎప్పుడైనా కొన్ని రోజులు నిద్రే లేకుండా విపరీతమైన హుషారుగా, డబ్బులు తెగ ఖర్చుపెట్టేసి, ఆగకుండా మాట్లాడేసిన రోజులు ఉంటే, లేదా ఇంట్లో ఎవరికైనా బైపోలార్ (ఇలాంటి అతి హుషారు, బాగా దిగులు మారిమారి వచ్చే జబ్బు) ఉంటే అది చాలా ముఖ్యం, మందే మారిపోతుంది. మందు తాగే అలవాటు, కల్లు అలవాటు దాచొద్దు. పక్కన అత్తగారో నాన్నగారో కూర్చుంటే చెప్పలేం కదా, అలాంటప్పుడు "ఒక్క ఐదు నిమిషాలు నేనొక్కదాన్నే మాట్లాడతా" అనండి, బయటికి పంపిస్తారు.

మూడో పని, చేతిలో ఉన్నది నెమ్మది మందా, గబగబా పనిచేసే మందా తెలుసుకోండి

దీనికి టైం తీసుకుంటా, ఎందుకంటే జనం పొరబడేది ఇక్కడే.

యాంగ్జైటీకి మామూలుగా రెండు రకాలు రాస్తారు. ఒకటి ఎసిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పరాక్సెటిన్ లాంటివి. ఇవి అసలు వైద్యం. కానీ వేసుకున్న రోజే ఏం కాదు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది కొంచెం తెరిపిన పడ్డానికి, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. వీటికి బానిస అవ్వడం అంటూ ఉండదు, డోసు పెంచుకోవాలని ఒళ్ళు లాగదు, అలాగని ఠక్కున మానేయకూడదు కూడా.

రెండోది క్లోనజిపాం, ఆల్ప్రాజోలం, లోరాజిపాం, ఎటిజోలం లాంటివి. అరగంటలోనో గంటలోనో పని కనిపిస్తుంది, దడ దిగిపోతుంది, భుజాలు వదులవుతాయి, అబ్బా అనిపిస్తుంది. అందుకే వీటితోనే జాగ్రత్త. మెదడు వీటికి తొందరగా అలవాటు పడుతుంది, రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే అదే బిళ్ళ చాలదనిపిస్తుంది, మానితే ముందుకంటే ఎక్కువ గాబరా. నెమ్మది మందు ఎక్కేదాకా మధ్యలో రెండు మూడు వారాలు గట్టెక్కించడానికి ఇచ్చేది ఇది. మా డాక్టర్ గారైతే "ఇది కట్టు లాంటిదమ్మా, ఎముక అతుక్కునేదాకానే" అన్నారు.

ఇప్పుడు స్ట్రిప్పు తిప్పి చూడండి. పైన పెద్దగా ఉన్న కంపెనీ పేరు వదిలేయండి, కింద చిన్నగా ఒక్కో బిళ్ళలో ఏముందో రాసుంటుంది, అది చదవండి. పేరు చివర ప్లస్ అనో ఎల్‌ఎస్ అనో ఉంటే చాలావరకు అందులో రెండూ కలిపే ఉంటాయి, ఎసిటాలోప్రామ్‌తో పాటు క్లోనజిపాం కూడా. నాకు రాసింది అదే. ఒక బిళ్ళే కదా అని సంవత్సరాల తరబడి వేసుకునేవాళ్ళకి తమ ఒంట్లోకి రోజూ క్లోనజిపాం వెళ్తోందనే తెలీదు. కలిపిన బిళ్ళతో ఇంకో చిక్కు, నెమ్మది మందు ఉంచి గబగబా మందు ఒక్కదాన్నే తగ్గిద్దామంటే కుదరదు, రెండూ ఒకే బిళ్ళలో ఉన్నాయాయె. అందుకే రెండోసారి వెళ్ళినప్పుడు నేను "విడివిడిగా రాయండి డాక్టర్ గారూ, ఇది ముందు మానాలంటే వీలుగా ఉంటుంది" అని అడిగితే వెంటనే మార్చి రాశారు. మీరూ అడగండి.

ఎంజీ దగ్గర చుక్క చూసుకోండి. క్లోనజిపాం 0.25, 0.5, 1, 2 ఇలా దొరుకుతాయి. 0.5 బదులు 2 ఇస్తే నాలుగింతలు. షాపులో కౌంటర్ దగ్గరే చీటీ, స్ట్రిప్పు పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి, వెనకాల జనం ఉన్నా పర్లేదు. పేరు చివర ఎస్ఆర్ అనో సీఆర్ అనో ఉంటే అది కడుపులో మెల్లమెల్లగా కరిగేది, విరవకూడదు, నమలకూడదు. ఎండీ అని ఉంటే నోట్లో కరిగేది.

నాలుగో పని, చీటీ వెనకాల తెలుగులో రాయించుకోండి

1-0-1 అంటే పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని అందరికీ తెలుసు. హెచ్ఎస్ అంటే పడుకునేముందు. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే, లేకపోతే వద్దు అని. ఈ ఎస్ఓఎస్ దగ్గరే కొంప మునుగుతుంది, మా పిన్నికి మొదట్లో ఆల్ప్రాజోలం 0.25 రాసింది ఎస్ఓఎస్ అనే, పది బిళ్ళలు. ఆవిడకి ఆ అక్షరాలేంటో ఎవరూ చెప్పలేదు, రోజూ రాత్రి వేసుకుంది, నిద్ర బాగా పట్టింది, అయిపోతే అదే చీటీ తీసుకెళ్తే షాపులో మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ ఇచ్చారు, కొన్నాళ్ళకి చీటీ కూడా అడగడం మానేశారు.

అందుకని డాక్టర్ ముందే పెన్ను తీసి ఇవి అడిగి రాసుకోండి. ఇది రోజూ వేసుకోవాలా, గాబరా వచ్చినప్పుడేనా? ఒక రోజులో, ఒక వారంలో ఎన్ని దాటకూడదు? ఈ గబగబా మందు ఏ తేదీకి ఆపేస్తాం, ఎలా తగ్గిస్తాం? ఒక పూట మర్చిపోతే ఏం చేయాలి? ఏదైనా తేడాగా ఉంటే ఎవరికి ఫోన్ చేయాలి? నా చీటీ వెనకాల "క్లోనజిపాం మూడు వారాలు, తర్వాత రెండు వారాలు సగం, ఆపై పావు" అని తేదీలతో సహా ఉంది. ఆ తేదీ కళ్ళెదురుగా ఉండడమే నాకు ధైర్యం, ఇది జీవితాంతం కాదు అని.

ఐదో పని, మొదటి రెండు వారాలు ఓపిక పట్టండి

నెమ్మది మందు మొదట్లో చిన్న డోసుతో, ఎసిటాలోప్రామ్ అయితే సాధారణంగా 5 ఎంజీతో మొదలుపెట్టి వారం పది రోజులకి 10 చేస్తారు. ఆ మొదటి వారంలో కడుపులో తిప్పడం, తలనొప్పి, నిద్ర చెడడం, కొంతమందికి గాబరా ఇంకాస్త పెరిగినట్టు ఉండడం మామూలే. ఇక్కడే చాలామంది "నాకు పడలేదు" అని విసిరేస్తారు. నాకు నాలుగో రోజు తెల్లవారుజామున నాలుగింటికి మెలకువొచ్చింది, దవడలు బిగుసుకుపోయి ఉన్నాయి, నోరు ఎండిపోయింది, ఇడ్లీ వాసనకే వాంతి వచ్చేలా ఉంది. ఆ వారమంతా మజ్జిగన్నం తిని బతికా. పదో రోజుకి వికారం పోయింది. ఇరవై రోజులప్పుడు అనుకుంటా, ఒక సాయంత్రం లిఫ్ట్‌లో దిగుతూ ఉన్నట్టుండి గుర్తొచ్చింది, ఇవాళ దడ గురించి నేను ఆలోచించనే లేదు అని.

ఏదైనా తిన్నాక వేసుకుంటే వికారం తక్కువ. నిద్ర చెడిపోతుంటే పొద్దున, మత్తుగా ఉంటే రాత్రి వేసుకోవచ్చేమో డాక్టర్‌ని అడిగి మార్చుకోండి, ఏదైనా రోజూ ఒకే టైం. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, తర్వాతి డోసు టైం దగ్గర పడిపోతే వదిలేయండి, రెండు కలిపి మింగొద్దు. దాంపత్యంలో కోరిక తగ్గడం, ఆలస్యం అవ్వడం కూడా ఈ మందులతో బాగా కనిపించేదే, సిగ్గుపడి లోపల్లోపల నలిగి మందు మానేసేవాళ్ళు ఎంతోమంది, డాక్టర్‌కి చెప్తే డోసో మందో మారుస్తారు.

ఓపిక పట్టకూడనివి కూడా చెప్పాలి. చచ్చిపోవాలన్న ఆలోచనలు కొత్తగా వస్తే, లేదా పెరిగితే, ముఖ్యంగా పాతికేళ్ళలోపు వాళ్ళకి, మొదటి వారాల్లోనూ డోసు మార్చినప్పుడూ, అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి, దొరక్కపోతే 14416. ఇంట్లో ఒకరికి ముందే చెప్పి ఉంచండి "నేను తేడాగా ఉంటే నువ్వే ఫోన్ చెయ్యి" అని. కొత్త మందు ఏదైనా కలిశాక జ్వరం, ఒళ్ళు బిగుసుకుపోవడం, వణుకు, విరేచనాలు, మాట తడబడడం కలిసి వస్తే వెంటనే ఆసుపత్రికి. అరవై దాటినవాళ్ళు ఉన్నట్టుండి నీరసపడిపోయి అయోమయంగా మాట్లాడుతుంటే సోడియం తగ్గిందేమో పరీక్ష చేయించాలి, ఈ మందులతో పెద్దవాళ్ళకి అలా అవ్వొచ్చు.

ఆరో పని, గబగబా మందు వేసుకునే రోజుల్లో ఇవి తప్పనిసరి

మందు, బీరు, కల్లు ఏదీ వద్దు. ఒక్క పెగ్గు కూడా. రెండూ కలిస్తే మత్తు కూడినట్టు కాదు, గుణించినట్టు పెరుగుతుంది, నిద్రలోనే ఊపిరి మందగించి పోయేవాళ్ళు ఉన్నారు. కల్లు సంగతి విడిగా చెప్పాలి, తెలంగాణలో కల్తీ కల్లులో ఎక్కువగా కలిపేది ఈ ఆల్ప్రాజోలం, డయాజిపాం లాంటివే. మీరు ఇంట్లో అదే మందు వేసుకుని దుకాణంలో ఆ కల్లు తాగితే ఎంత లోపలికి వెళ్ళిందో ఎవరికీ తెలీదు. కల్లు మానేసిన రెండు మూడు రోజులకి వణుకు, పిచ్చి మాటలు, ఫిట్స్‌తో జనాన్ని ఆసుపత్రులకి మోసుకొస్తారే, అది ఈ మందు ఒక్కసారిగా ఆగినప్పుడు జరిగేదే. మీకు రోజూ కల్లు అలవాటుంటే డాక్టర్‌కి తప్పక చెప్పండి, లెక్క అక్కడి నుంచి మొదలవ్వాలి.

బండి నడపడం. క్లోనజిపాం ఒంట్లోంచి సగం పోవడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది, ఆల్ప్రాజోలం అయితే సుమారు 11 గంటలు. రాత్రి వేసుకున్నది పొద్దున ఏడింటికి కూడా మీ ఒంట్లో ఉంటుంది, మీకు మాత్రం బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. మొదటి వారం బైకూ కారూ ముట్టుకోవద్దు, ఆటోలోనో బస్సులోనో వెళ్ళండి. పొలంలో మోటారు, మిషన్ల దగ్గర పని కూడా అంతే.

పెద్దవాళ్ళు ఇంట్లో ఈ బిళ్ళ వేసుకుంటుంటే రాత్రి బాత్‌రూమ్ దారిలో చిన్న లైటు వేసి ఉంచండి, తడి తుడవండి, కాలికి తగిలే పట్టా తీసేయండి. మత్తులో లేచి పడి తుంటి విరగ్గొట్టుకుంటారు.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. వేసుకున్న ప్రతి బిళ్ళకీ తేదీ, టైం, ఎందుకు వేసుకున్నా అన్నది ఒక్క లైను. నాది చూస్తే "శుక్రవారం రాత్రి 11, మేనేజర్ కాల్ తర్వాత" అని నాలుగు వారాలు వరసగా ఉంది, అప్పుడుగానీ అర్థం కాలేదు దడ ఎక్కణ్ణుంచి వస్తోందో. బిళ్ళలు లెక్కగా ఉన్నాయో లేదో కూడా తెలుస్తుంది. స్ట్రిప్పు పిల్లలకి అందకుండా తాళం వేసి పెట్టండి, ఎవరడిగినా పంచొద్దు.

మెడికల్ షాపులో "చీటీ లేకుండా ఇవ్వం" అంటే గొడవపడకండి. ఆల్ప్రాజోలం, డయాజిపాం 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే గట్టి నిఘా ఉన్న మందుల జాబితాలో ఉన్నాయి, అమ్మిన ప్రతిసారీ పేషెంటు పేరు, డాక్టర్ పేరు, ఎన్ని బిళ్ళలో విడి రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. క్లోనజిపాం స్ట్రిప్పు మీద ఎర్రగా ఎన్ఆర్ఎక్స్ అని కనిపిస్తుంది, అది మత్తు మందుల చట్టం కిందకి వచ్చేదని గుర్తు. చీటీ లేకుండా ఇచ్చేవాడు మనకి సాయం చేస్తున్నట్టు ఉంటుంది గానీ, మా పిన్నిని ఆరేళ్ళు అలాగే "సాయం" చేశారు.

గల్ఫ్ వెళ్ళేవాళ్ళు బాగా వినండి. దుబాయ్, అబుదాబి లాంటి చోట్ల ఈ రకం మందులు కంట్రోల్డ్ లిస్టులో ఉంటాయి, వెళ్ళేముందే అక్కడి ఆరోగ్య శాఖ దగ్గర ఆన్‌లైన్‌లో పర్మిషన్ పెట్టుకోవాలి, ఒరిజినల్ చీటీ, స్ట్రిప్పు మీద పేరు అన్నీ ఉండాలి. "మా వాడికి ఈ బిళ్ళలు కాస్త పట్టుకెళ్ళు అన్నా" అని ఎవరైనా ఇస్తే ఎంత దగ్గరివాళ్ళైనా తీసుకోవద్దు. అమెరికా వెళ్ళే అమ్మానాన్నలు కూడా బిళ్ళలు డబ్బాలోకి వొలుచుకుని కాకుండా స్ట్రిప్పులతోనే, చీటీతోనే పట్టుకెళ్ళాలి.

ఏడో పని, బాగైంది అనిపించిన రోజు మానేయొద్దు

రెండు నెలలకి అంతా మామూలుగా ఉంటుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళే అంటారు "ఇంకా ఎందుకే ఆ మందులు, మెదడు పాడవుద్ది" అని. బాగున్నది మందు పనిచేస్తోంది కాబట్టే. నెమ్మది మందుని బాగయ్యాక కూడా మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా కొనసాగించమంటారు, ముందే మానితే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. డబ్బు ఇబ్బందైతే మానేయకండి, జనరిక్‌లో రాయమని అడగండి, చాలా తేడా ఉంటుంది. ఈ బాగున్న నెలల్లోనే సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే పద్ధతి) తెలిసిన సైకాలజిస్టు దగ్గర కూర్చుని మాట్లాడే వైద్యం కూడా చేయించుకుంటే మందు మానాక నిలబడతాం, కాఫీలు తగ్గించండి, నేను రోజుకి ఐదు తాగేదాన్ని.

ఎనిమిదో పని, ఆపడం

మా పిన్ని సంగతికి వస్తా. 0.25తో మొదలైంది ఆరేళ్ళలో పొద్దున 0.5, రాత్రి 0.5 అయ్యింది. తిరుపతి ప్రయాణంలో స్ట్రిప్పు ఇంట్లో మర్చిపోయింది, నాలుగు రోజులే కదా అనుకుంది. రెండో రోజు కొండ మీద క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్‌లో కూర్చుని ఉండగా మొదలైంది, చేతులు వణుకుతున్నాయి, చేతిలో కవర్ పట్టుకోలేకపోతోంది, చీర మొత్తం చెమటతో తడిసిపోయింది, పిల్లల ఏడుపు కూడా చెవుల్లో పొడుచుకుంటున్నట్టు ఉందంది. మేమంతా బీపీ అనుకున్నాం, షుగర్ అనుకున్నాం, నిమ్మకాయ నీళ్ళు పట్టించాం. కిందకి తీసుకొచ్చి ఆసుపత్రిలో చూపిస్తే డ్యూటీ డాక్టరమ్మ అన్నీ చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, "అమ్మా, మీరు రోజూ రాత్రి ఏదైనా నిద్ర బిళ్ళ వేసుకుంటారా?" అని. పిన్ని తల దించుకుని "అది మందు కాదమ్మా, ఉత్త నిద్ర బిళ్ళే" అంది.

అందుకే ఠక్కున ఆపకండి. మొండిగా ఆపితే నిద్ర పట్టకపోవడం, వణుకు, వెలుతురూ శబ్దం భరించలేకపోవడం, ఎక్కువ డోసు వాళ్ళకైతే ఫిట్స్ కూడా వస్తాయి, అది ప్రాణం మీదకి వచ్చే సంగతి. రెండు మూడు వారాలు వాడినవాళ్ళకి తొందరగానే తగ్గిస్తారు. ఎక్కువ కాలం వాడినవాళ్ళకి అమెరికాలో డాక్టర్ల సంఘాలు కలిసి 2025లో ఇచ్చిన సూచన ఏంటంటే రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గించుకుంటూ రావాలి, ఏ రెండు వారాల్లోనూ 25 శాతం దాటకూడదు. అంటే నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పైనే. మధ్యలో ఒక మెట్టు దగ్గర బాగా ఇబ్బందైతే అక్కడే కొన్నాళ్ళు ఆగొచ్చు, అది ఓడిపోవడం కాదు. లెక్క మీ డాక్టర్ వేయాలి, మీరు సొంతంగా వేసుకోవద్దు.

ఎసిటాలోప్రామ్ లాంటివి కూడా మెల్లగానే. ఒక్కసారిగా మానితే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు చిటుక్కుమనడం. నాకు 10 నుంచి 5కి దిగినప్పుడు నాలుగు రోజులు ఆ చిటుకులు వచ్చాయి, తల పక్కకి తిప్పితే చాలు. పోయాయి. మానిన వారంలోనే వచ్చి తగ్గిపోయేవి మందు ఆగడం వల్ల వచ్చేవి, కొన్ని వారాల తర్వాత మెల్లగా పాత గాబరా పెరుగుతూ వస్తే అది జబ్బు తిరగబెట్టడం, రెండూ ఒకటి కాదు, ఏదైనా డాక్టర్‌కి చెప్పండి. గర్భం అని తెలిసిన రోజు భయపడి అన్నీ డస్ట్‌బిన్‌లో పడేసేవాళ్ళున్నారు, అది కూడా వద్దు, అదే రోజు ఫోన్ చేయండి చాలు.

ఎప్పుడైనా ఎవరైనా ఈ బిళ్ళలు ఎక్కువ మింగేస్తే, లేపినా లేవకపోతే, ఊపిరి నెమ్మదిగా వస్తుంటే, పెదాలు నీలంగా ఉంటే 108కి ఫోన్ చేయండి. చింతపండు నీళ్ళు, ఉప్పు నీళ్ళు పోసి కక్కించొద్దు, మత్తులో ఉన్న మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఖాళీ స్ట్రిప్పులు ఏరి కవర్లో వేసి అంబులెన్స్‌లో తీసుకెళ్ళండి.

పిన్నికి ఆల్ప్రాజోలం మార్చి క్లోనజిపాం పెట్టి మెల్లగా దించారు, పదకొండు నెలలు పట్టింది. బిళ్ళ కోసే చిన్న ప్లాస్టిక్ కట్టర్ ఒకటి మెడికల్ షాపులోనే దొరికింది, కూరల కత్తితో కోస్తే ముక్కలు సమానంగా రావట్లేదు, అది కొనుక్కోండి. వంటింట్లో స్టవ్ పక్కన తెలుగు క్యాలెండర్ వేలాడదీసి, అమావాస్య పౌర్ణమి గళ్ళ మధ్యలో ఎర్ర స్కెచ్ పెన్నుతో అర, పావు అని రాసుకుని రోజూ టిక్కు పెట్టేది. మీకూ అదే చెప్తున్నా, ఫోన్‌లో రిమైండర్ కంటే గోడ మీద క్యాలెండర్ నయం, ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. ఆఖరికి మిగిలిన బిళ్ళలు ఎప్పటికైనా పనికొస్తాయని దాచొద్దు, సింక్‌లో పొయ్యొద్దు. స్ట్రిప్పులోంచి తీసి, వడకట్టిన టీ పొడిలో కలిపి, కవర్లో ముడేసి చెత్తలో వేయండి. పిన్ని మొన్న అలా వేసేటప్పుడు నన్ను పిలిచి లెక్కపెట్టించింది, పదిహేడు ఉన్నాయి.